నడిగడ్డ రాయిని నెట్టిందెవరు, లాగిందెవరు?

గద్వాల చుట్టుపక్కల ఎర్ర చెలకల్లో నడుస్తుంటే, గుండ్రని గ్రానైటు బండల మధ్య ఎక్కడో ఒకచోట వేరే జాతి రాయి కాలికి తగులుతుంది. ఆకుపచ్చ కలిసిన నలుపు. పలకలు పలకలుగా నేలలోంచి నిలువుగా లేచి ఉంటుంది. గడ్డపార మొనతో తడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఒక ముక్కను నీళ్ళతో తడిపి, ఎండకు అటూ ఇటూ తిప్పి చూడండి. సన్నని నల్లని సూదులు మెరుస్తాయి. హార్న్‌బ్లెండ్ అనే ఖనిజమది. జొన్నచొప్ప మోపులో కాడలన్నీ ఒకే దిక్కుకు ఉన్నట్టు ఆ సూదులన్నీ ఒకే వరుసలో పడుకొని ఉంటాయి. పలకల బారు కూడా ఎక్కువ చోట్ల ఒకటే: ఉత్తర వాయవ్యం నుంచి దక్షిణ ఆగ్నేయానికి.

రాయి తనంతట తాను వరుస కట్టదు. ఎంతో లోతున, ఎంతో వేడిలో, ఏదో పెద్ద బలం దాన్ని అదిమి సాగదీస్తేనే అలా అవుతుంది. ఆ బలం ఎక్కడిది? రెండు భూఫలకాలు ఎదురెదురుగా వచ్చి నెట్టుకున్నాయా? లేక ఒక ఫలకం సముద్రం అడుగున కిందికి దిగుతూ, దిగిన చోటునే వదిలి వెనక్కి జరుగుతూ, మీదున్న నేలను తనవైపు లాగిందా? లేక ఫలకాల ఊసే లేకుండా బరువైన లావా రాయి మెత్తని పైపొరలోకి తనంతట తాను కుంగిపోయిందా? ఈ పలకల రాయి బారుగా సాగే గద్వాల పట్టీ మీద, అది భాగమైన తూర్పు ధార్వాడ రాతి ఖండం మీద జరిగిన పరిశోధనంతా చివరికి ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఎవరేమన్నారో, ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో నాకు అర్థమైన మేరకు ఇక్కడ చెబుతాను.

ముందు లాగుడు సంగతి. నెట్టుడు అందరికీ తెలిసిందే. హిమాలయం పేరు చెబితే చాలు, బడిపిల్లలు కూడా రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి చూపిస్తారు. లాగుడు అంత తేలిగ్గా తోచదు. సముద్రం అడుగున ఉండే ఫలకం పుట్టినప్పుడు వేడిగా ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ చల్లబడి బరువెక్కుతుంది. మరో ఫలకం కిందికి దూరిందంటే ఇక తన బరువుతో తానే మునుగుతుంది. మంచం మీది దుప్పటి అంచు కొంచెం కిందికి వేలాడితే మిగతా దుప్పటిని అదే ఎలా లాక్కుపోతుందో అలాగన్నమాట. దీన్ని సబ్‌డక్షన్ అంటారు. మునిగే ఫలకం ఏటవాలుగా మాత్రమే జారదు, నిట్టనిలువుగా కూడా కుంగుతుంది. అందువల్ల అది వంగి దిగే మలుపు సముద్రం వైపు క్రమంగా వెనక్కి జరుగుతుంది. మీదున్న ఫలకం ఆ ఖాళీని పూడ్చడానికి ముందుకు సాగాలి. సాగితే పలచబడుతుంది, చీలుతుంది, చీలికలోంచి లావా వస్తుంది. శాస్త్రజ్ఞులు ‘రోల్‌బ్యాక్’ అనే ఈ వెనక నడకే మన ప్రశ్నకు కీలకం.

నెట్టుడూ లాగుడూ ఒకే నేల మీద ఒకేసారి పనిచేయడం చూడాలంటే ఈ రోజుల్లో టర్కీ, గ్రీసు దేశాలకు పోవాలి. తూర్పు నుంచి అరేబియా ఫలకం ఏటా ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి నెడుతుంది. పడమట గ్రీసుకు దక్షిణంగా హెలెనిక్ కందకం దగ్గర మధ్యధరా సముద్రపు అడుగు కిందికి దిగుతూ వెనక్కి జరుగుతుంది. మధ్యలో ఉన్న అనటోలియా పడమటికి జారిపోతోంది. జీపీఎస్ కొలతలు వచ్చేదాకా చాలామంది దీన్ని కేవలం అరేబియా నెట్టుడుగానే లెక్కగట్టారు. కొలిచి చూస్తే అనటోలియా మధ్యభాగం ఏటా 2 సెంటీమీటర్ల పైచిలుకు కదులుతుంటే, దానికన్నా ముందున్న దక్షిణ ఏజియన్ ప్రాంతం 3 సెంటీమీటర్లకు మించి కదులుతోంది. నల్లరేగడి బురదలో దిగబడ్డ బండిని వెనక నుంచి మనుషులు మాత్రమే నెడితే బండి ముందుభాగం వెనకభాగం కన్నా వేగంగా పోదు. ముందున్నది వేగంగా పోతోందంటే, ముందర ఎడ్లు కూడా లాగుతున్నాయని అర్థం. ఏజియన్ లెక్క నాకు ఎంతో ఇష్టమైనది ఇందుకే. రెండు బలాలను విడదీసి చూపించే తూనిక అది. 2023 ఫిబ్రవరి 6న 7.8 తీవ్రతతో టర్కీని కూల్చిన భూకంపం ఈ జారుడు అంచునే వచ్చింది.

గద్వాలలో జీపీఎస్ పెట్టి 270 కోట్ల ఏళ్ళ కిందటి వేగం కొలవలేం. అప్పటి కదలికకు సాక్ష్యం రాయి రసాయనంలో, రాయి ఒరిగిన తీరులో మాత్రమే మిగిలింది. ఈ రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పవు. ఇక్కడి వివాదమంతా అక్కడే మొదలైంది.

రసాయనం సంగతి హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, బయటపెట్టింది. సి. మాణిక్యాంబ, ఎస్.ఎం. నఖ్వీ, తరుణ్ ఖన్నా తదితరులు 2005లో ‘ఎర్త్ అండ్ ప్లానెటరీ సైన్స్ లెటర్స్’ పత్రికలో గద్వాల పట్టీలో బోనినైట్లు ఉన్నాయని ప్రకటించారు. బోనినైట్ పేరు జపాన్‌కు దక్షిణంగా పసిఫిక్‌లో ఉన్న బోనిన్ దీవుల నుంచి వచ్చింది. ఈ లావాలో మెగ్నీషియం ఎక్కువ, సిలికా కూడా ఎక్కువ, టైటానియం మాత్రం చాలా తక్కువ. మామూలుగా మెగ్నీషియం పెరిగితే సిలికా తగ్గాలి. రెండూ కలిసి ఎక్కువగా ఉండటం అరుదు. ఒకసారి కాచి వడగట్టిన టీపొడిని పారెయ్యకుండా మళ్ళీ నీళ్ళు పోసి కాస్తే వచ్చే పలచని డికాక్షన్ లాంటిది బోనినైట్. భూమి లోపలి మాంటిల్ రాయి ఒకసారి కరిగి, సారమంతా లావాగా పోయాక, మిగిలిన పిప్పిని మళ్ళీ కరిగించాలి. పిప్పి అంత తేలిగ్గా కరగదు. దానికి రెండు కావాలి. ఒకటి, మునిగే ఫలకం నుంచి పైకి వచ్చే నీరు; అది రాయి కరిగే ఉష్ణోగ్రతను దించుతుంది. రెండోది, తక్కువ లోతులోనే గట్టి వేడి.

తక్కువ లోతుకు అంత వేడి ఎలా చేరుతుంది? మీదున్న నేల సాగి పలచబడితే కింది వేడి మాంటిల్ ఆ ఖాళీలోకి ఎగబాకుతుంది. నేలను సాగదీసేది ఎవరు? వెనక్కి జరిగే ఫలకం. బోనిన్ దీవుల దగ్గర సుమారు 5.2 కోట్ల ఏళ్ళ కిందట సబ్‌డక్షన్ మొదలైన తొలినాళ్ళలోనే ఈ లావా పుట్టింది. 2014లో అంతర్జాతీయ సముద్ర తవ్వకాల నౌక అక్కడ అడుగుకు బోరు వేసి, పొరలవారీగా తీసిన రాళ్ళు ఈ కథనానికి బలమిచ్చాయి. కాబట్టి గద్వాల పొలంలో బోనినైట్ ఉందంటే, ఆ లావా పుట్టిన కాలంలో ఇక్కడొక సముద్రం ఉండేదనీ, దాని అడుగు ఒకచోట మునుగుతూ వెనక్కి జరిగేదనీ మొదటి అర్థం. నడిగడ్డ అని మనం పిలుచుకునే కృష్ణా తుంగభద్రల నడిమి నేలకు ఇంతకన్నా పాత కథ మరొకటి లేదు.

బోనినైట్ ఒక్కటే కాదు. అదే పట్టీలో అడకైట్లు ఉన్నాయి, మెగ్నీషియం ఎక్కువున్న ఆండెసైట్లు, నయోబియం ఎక్కువున్న బసాల్ట్‌లు, రయొలైట్లు ఉన్నాయి. మునిగిన ఫలకం ఇంకా వేడిగా ఉండగానే అంచు కరిగితే అడకైట్ వస్తుంది. ఈ రాళ్ళన్నీ పక్కపక్కనే కనిపించడం ఇప్పటి పసిఫిక్ దీవుల వరసల్లో చూసేదే. మాణిక్యాంబ బృందం ఆ తర్వాతి వ్యాసాల్లో గద్వాల పట్టీని ఒక సముద్ర మధ్య దీవుల వరసగా చదివింది. 2012లో ఆమె, కెనడా శాస్త్రవేత్త రాబర్ట్ కెరిచ్ కలిసి తూర్పు ధార్వాడ ఖండం మొత్తాన్ని ఇలాంటి దీవుల వరసలూ, వేడి మాంటిల్ ఊటల మీద పెరిగిన లావా పీఠభూములూ ఒకదానికొకటి అతుక్కుని పెరిగిన నేలగా వివరించారు.

అభ్యంతరాలు లేకపోలేదు, వాటిని తీసిపారెయ్యకూడదు. మొదటిది: ఆ కాలపు మాంటిల్ ఇప్పటికన్నా 150 నుంచి 250 డిగ్రీల దాకా వేడి అన్నది చాలామంది అంచనా. అంత వేడిలో ఫలకం గట్టిగా ఉండి, కిలోమీటర్ల కొద్దీ వంగి దిగగలదా? మధ్యలోనే తెగి చుక్కలుగా రాలిపోదా? రెండోది: మెగ్నీషియం ఎక్కువున్న వేడి లావా పైకి వచ్చే దారిలో పాత గ్రానైటును కొంత కరిగించి కలుపుకుంటే సిలికా పెరిగి బోనినైట్ వేషం వేయగలదు. ఇది గట్టి అభ్యంతరం. దీనికి సమాధానం 2014లో ఖన్నా, ఆయనతోటి శాస్త్రవేత్తలు చేసిన హాఫ్నియం, నియోడిమియం ఐసోటోపుల పనిలో దొరుకుతుంది. పాత నేలను కలుపుకున్న లావాలో ఆ కల్తీ ఐసోటోపుల లెక్కలో బయటపడుతుంది. గద్వాల రాళ్ళలో కనిపించింది సారం తీసిన మాంటిల్ గుర్తు. వయసు 270 కోట్ల ఏళ్ళ దగ్గర తేలింది. కల్తీ వాదం ఇక్కడ నిలవదని నా అభిప్రాయం. అడకైట్ల విషయంలో మాత్రం నాకు అంత ధైర్యం లేదు. మందమైన పైపొర అడుగుభాగం కరిగినా అలాంటి రాయి రావచ్చు. ఒక్క అడకైట్‌ను సాక్షిగా నిలబెట్టి సబ్‌డక్షన్‌ను రుజువు చేశామనడం తొందరపాటు.

ఇక రెండో సాక్షి, రాయి ఒరిగిన తీరు. ఇక్కడ కథ మారిపోతుంది. నేల సాగి చీలితే మిగలాల్సినవి వాలు బీటలు, విడిపోయిన గుర్తులు. గద్వాలలో కంటికి కనిపించేవి అవి కావు. దిండ్ల ఆకారంలో గడ్డకట్టాల్సిన సముద్రపు లావా అప్పడాల్లా అణగిపోయింది. పలకలు నిలువుగా లేచాయి. హార్న్‌బ్లెండ్ సూదులు పట్టీ పొడవునా సాగాయి. ఇవి నొక్కుడు గుర్తులు. అదీ నేరుగా ఎదురు నొక్కుడు కాదు, ఏటవాలు నొక్కుడు. రెండు అరచేతుల మధ్య మెత్తటి జొన్నపిండి ముద్ద పెట్టి, నొక్కుతూనే ఒక చేతిని పక్కకు జరిపి చూడండి. ముద్ద అణుగుతుంది, నిలువుగా ఉబుకుతుంది, పక్కకూ సాగుతుంది. హట్టి, మస్కి, గద్వాల, రామగిరి, కోలార్ వంటి తూర్పు ధార్వాడ పట్టీలు సన్నగా, పొడుగ్గా, ఒకే దిక్కుకు ఉండటానికి కారణం ఇదేనని 2000లో బ్రయాన్ చాడ్విక్, వాసుదేవ్, హెగ్డేలు వాదించారు. ఒక పెద్ద ఫలకం ఏటవాలుగా వచ్చి ఢీకొనడం వల్ల ధార్వాడ ఖండం తయారైందన్నది వారి మాట.

ఫ్రాన్స్ శాస్త్రవేత్త డొమినిక్ షార్డన్, మన జయానంద, టి.ఆర్.కె. చెట్టి తదితరులు 2008లో, 2011లో దీన్ని ఇంకో మలుపు తిప్పారు. ఆనాటి పైపొర ఎంత వేడిగా, ఎంత మెత్తగా ఉందంటే తూర్పు పడమరలుగా నొక్కితే హిమాలయంలా పైకి లేవలేకపోయిందట. ఉత్తర దక్షిణాలకు పక్కకు పారిందట. పర్వతం ఎత్తుగా నిలబడాలంటే కింద గట్టి పునాది కావాలి. ఆ పునాది అప్పటికి లేదు. పొలంలో కనిపించే అడ్డంగా సాగిన గీతలకు ఈ వివరణ బాగా సరిపోతుంది. కుంగుడు వాదం పుట్టింది మాత్రం పడమటి ధార్వాడలో. అక్కడ గ్రానైటు గుమ్మటాల మధ్య లావా దొన్నెల్లా దిగిన పట్టీలను ఇదే షార్డన్, ఆయన సహచరులు 1990లలో చూపించారు. ఆ రాళ్ళకు అది సరిగ్గా అతుకుతుంది. గద్వాల పట్టీ లాంటి కత్తి అంచు ఆకారానికి అతకదు.

మరి రసాయనం సాగుడంటోంది, రాతి తీరు నొక్కుడంటోంది. ఎవరిది నిజం? రెండూ నిజమే, కాలాలు వేరు అన్నది నా తీర్పు. లావా వయసు 270 కోట్ల ఏళ్ళు. చుట్టూ ఉన్న గ్రానైటు వరద ఎక్కువగా 256 నుంచి 251 కోట్ల ఏళ్ళ నాటిది. ఏటవాలు నొక్కుడు జరిగింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. నడుమ ఉన్న తేడా 10 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఫలకం ఏటా 5 సెంటీమీటర్లు కదిలితే అంత కాలంలో 5 వేల కిలోమీటర్లు పోతుంది. మన దేశం ఆసియాను తాకడం మొదలై ఇప్పటికి సుమారు 5 కోట్ల ఏళ్ళే అయింది. అంత ఎడమున్న రెండు సంఘటనలను ఒకే బొమ్మలో, ఒకే బాణం గుర్తుతో గీసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. తప్పు అక్కడ ఉంది. ఫలకం వెనక్కి జరిగిన రోజుల్లో లావా పుట్టింది. ఆ సముద్రం మూసుకుపోయి నేలలు ఏటవాలుగా ఒరుసుకున్న రోజుల్లో ఆ లావా పలకలుగా మారింది. మొదటి అధ్యాయాన్ని రెండో అధ్యాయం దాదాపు చెరిపేసింది. అందుకే పొలంలో నొక్కుడు కనిపిస్తుంది, ప్రయోగశాలలో సాగుడు కనిపిస్తుంది.

ఈ రెండు అధ్యాయాలూ ఇప్పుడు పక్కపక్కనే నడుస్తున్న చోటు మన బంగాళాఖాతంలోనే ఉంది. అండమాన్ దగ్గర భారత ఫలకం బర్మా చిన్న ఫలకం కిందికి దూరుతోంది. దూరుడు నేరుగా లేదు, చాలా ఏటవాలు. దీవుల వరస వెనక అండమాన్ సముద్రం సుమారు 40 లక్షల ఏళ్ళుగా నిట్టనిలువునా చీలి తెరుచుకుంటోంది. మధ్యలో బారెన్ దీవి అగ్నిపర్వతం నూట యాభై ఏళ్ళకు పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. ఆ చీలికను తెరిచింది వెనక్కి జరిగే కందకమా, లేక ఏటవాలు కదలిక దీవుల వరసను ఉత్తరానికి ఈడ్చుకుపోవడమా అన్న వాదం అక్కడ కూడా ఉంది. ఈడ్చుకుపోవడం బలంగా ఉందనడానికి మయన్మార్‌లోని సగాయింగ్ బీట సాక్ష్యం. 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో మాండలేను కూల్చింది ఆ బీటే. 2004 డిసెంబర్ 26న 9.1 తీవ్రతతో సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున తెగింది దూరుడు అంచు. ఆ సునామీ మన కోస్తాను తాకింది గనుక అండమాన్ కందకం తెలుగువారికి పరాయిది కాదు. గద్వాల లావా పుట్టిన నాటి దృశ్యం ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే నేను బారెన్ దీవి బొమ్మ చూపిస్తాను.

వనపర్తి వైపు వస్తే షిస్టు, అంటే ఆ పలకల రాయి, సన్నగిల్లి గ్రానైటు రాజ్యమేలుతుంది. ఖిల్లా ఘనపురం, పానగల్ కోటల గోడలకు ఆ బండలే పునాది. ఈ జిల్లాలో నా దృష్టి నిలిచేది నల్లరాతి కట్టల మీద. గుట్టల మధ్య నల్లని గుండ్లు వరసగా పేర్చినట్టు కిలోమీటర్ల కొద్దీ సాగే డోలరైటు గోడలివి, శాస్త్రజ్ఞులు డైకులంటారు. మహబూబ్‌నగర్ డైకుల వయసు సుమారు 218 కోట్ల ఏళ్ళు. గ్రానైటు పగిలి, ఆ పగుళ్ళలోకి కింది నుంచి లావా ఎక్కి గడ్డకట్టింది. బోరు వేసే రైతుకు వీటితో రోజూ పనే. కట్టకు ఒక పక్క నీళ్ళు నిలుస్తాయి, రెండో పక్క బోరు ఎండిపోతుంది. మన ప్రశ్నకు వీటి సాక్ష్యం ఇంకా విలువైనది. ఇవి షిస్టు పలకల మీదుగా, గ్రానైటు చారల మీదుగా నిటారుగా కోసుకుపోతాయి, ఎక్కడా మెలిక తిరగవు. అంటే 218 కోట్ల ఏళ్ళ కిందటికే ఈ నేల చల్లబడి గట్టిపడింది. అప్పటినుంచి విరిగిందే తప్ప మళ్ళీ మెత్తబడి వంగలేదు. ఇప్పుడు తెలంగాణ కింద పైపొర మందం సుమారు 35 కిలోమీటర్లు, అడుగు దాదాపు చదునుగా ఉంది. ఒకప్పుడు పిండిలా పారిన నేలకు ఆ చదును తగ్గట్టే ఉంది.

నాగర్‌కర్నూల్ జిల్లా కథ వేరు. కొల్లాపూర్ మండలం సోమశిల దగ్గర కృష్ణ నల్లమలలోకి దూరేచోట గ్రానైటు నేల ముగిసి కడప హరివాణం రాళ్ళు మొదలవుతాయి. అమ్రాబాద్ పీఠభూమి మీద శ్రీశైలం క్వార్ట్‌జైటు పొరలు దాదాపు పరుపు పరిచినట్టు ఉంటాయి. గ్రానైటుకూ ఈ పొరలకూ మధ్య సందులోనే యురేనియం అన్వేషణ జరిగింది. చెంచుల అడవి కోసం జనం చేసిన పోరాటం తర్వాత 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇక్కడి నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి పోయేకొద్దీ పొరలు ముడుతలు పడటం మొదలవుతుంది. నల్లమల మడతల పట్టీ తూర్పు నుంచి పడమటికి తోసుకొచ్చిన నేల. ఆ తోపు వెనక మళ్ళీ సముద్రాలే ఉన్నాయి. నెల్లూరు జిల్లా కండ్ర దగ్గర సుమారు 185 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు ముక్కలు, కనిగిరి దగ్గర సుమారు 133 కోట్ల ఏళ్ళ నాటివి గుర్తించారు. రెండింటినీ సబ్‌డక్షన్ మీద పుట్టిన సముద్రపు అడుగుగానే చదివారు. సాగుడు, ఆ తర్వాత నొక్కుడు, మళ్ళీ సాగుడు, మళ్ళీ నొక్కుడు: తెలుగు నేల తూర్పు అంచు ఇలా విడతలు విడతలుగా పెరిగింది. నాగర్‌కర్నూల్ పొరలు చదునుగా మిగలడానికి కారణం, ఆ తోపు ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోవడమే.

అలిసిపోయిన తోపు కూడా గాయాలు మిగులుస్తుంది. 2025 ఫిబ్రవరి 22 ఉదయం దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం, ముఖద్వారం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల, కూలిపోయింది. ఇంజనీర్లు, యంత్రం నడిపేవారు, కూలీలు కలిసి 8 మంది లోపల చిక్కుకుపోయారు. ఎవరూ ప్రాణాలతో బయటపడలేదు. సుమారు 44 కిలోమీటర్ల పొడవున నల్లగొండకు కృష్ణా నీళ్ళు తీసుకుపోవడానికి తలపెట్టిన సొరంగమది. కూలినచోట నలిగిన రాతి మండలం ఉందని, నీళ్ళు ఉధృతంగా వచ్చిపడ్డాయని భూగర్భ నిపుణులు చెప్పారు. అది గద్వాల పట్టీ కాదు. కానీ స్వభావం అదే: కోట్ల ఏళ్ళ కిందట నేలలు ఒరుసుకున్నచోట రాయి పిండై, మట్టై, నీళ్ళకు దారై మిగులుతుంది. పైన అడవి పచ్చగా ఉంటుంది, కింద ఏముందో కనబడదు. పాత భూగర్భ చరిత్రను పండితుల విషయంగా పక్కన పెట్టడానికి వీల్లేదని నేను గట్టిగా అనేది ఈ 8 మంది వల్లే.

ఈ నేల మీద ఇప్పుడు పనిచేస్తున్న బలం ఏది? లాగుడు లేదు, నెట్టుడే మిగిలింది. హైదరాబాద్‌లోని జీపీఎస్ కేంద్రం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి కదులుతోంది, దానితో పాటు గద్వాల కోటా, వనపర్తి సంస్థానం భవనాలూ కదులుతున్నాయి. ముందు హిమాలయం అడ్డుపడుతోంది. ఆ అడ్డు తాలూకు ఎదురొత్తిడి దక్కను దాకా వస్తుందని ఎన్‌జీఆర్‌ఐకి చెందిన టి.ఎన్. గౌడ్, శ్రీరామారావు, వి.కె. గౌర్‌లు 1992లోనే చూపించారు. ఉత్తర ఈశాన్యం నుంచి దక్షిణ నైరుతికి నేల నొక్కుకుపోతోంది. పాత బీటలు ఆ ఒత్తిడికి అనుకూలంగా ఉన్నచోట అప్పుడప్పుడు కదులుతాయి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7, 1993 సెప్టెంబర్ 30న కిల్లారిలో 6.2, 2024 డిసెంబర్ 4న ములుగు అడవిలో 5.3. కిల్లారిలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. గట్టినేల మీద భూకంపం రాదన్న ధీమా ఆ ఒక్క తెల్లవారుజామున పోయింది.

పరిశోధనలో నాకు కనిపించే పెద్ద లోటు ఒకటుంది. గద్వాల లావాకు వయసు కట్టారు, రసాయనం తేల్చారు. ఆ లావా పలకలుగా మారిన సమయానికి మాత్రం పట్టీ పొడవునా అలాంటి శ్రద్ధ దక్కలేదు. ఒరిపిడి సమయంలో పెరిగిన మోనజైట్, టైటనైట్, గార్నెట్ గింజలకు వయసు కట్టే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. తుంగభద్ర దాటి వెల్దుర్తి దాకా పోయే ఈ పట్టీలో పది చోట్ల ఆ పని జరిగితే నెట్టుడు లాగుళ్ళ తగువు చాలావరకు తేలిపోతుంది. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. అక్కర్లేని ఆలస్యమే జరుగుతోంది.

అయితే ఆ పని జరగాలంటే రాయి ఉండాలి. గుట్టలు కంకర మిల్లులకు పోతున్నాయి, నల్లరాతి కట్టలు పలకలై పాలిష్ యంత్రాలకు పోతున్నాయి, పొలాలు చదును చేసేటప్పుడు జేసీబీ పళ్ళకు ముందు విరిగేది పలకల రాయే. తిరుమల కొండదారిలో పాత రాయికీ కొత్త రాయికీ మధ్య ఉన్న సందును జాతీయ భూగర్భ స్మారకంగా కాపాడుకుంటున్నాం. గద్వాలలో బోనినైట్ బయటపడినచోట ఒక రెండెకరాలు, వనపర్తిలో డైకు గ్రానైటును కోసినచోట ఒకటి, సోమశిల దగ్గర గ్రానైటు మీద క్వార్ట్‌జైటు కూర్చున్నచోట ఒకటి: ఈ మూడింటిని మూడు జిల్లాల కలెక్టర్లు గుర్తించి తవ్వకాల నుంచి తప్పించాలని కోరుతున్నాను. ఆ ఊళ్ళ సైన్సు మాస్టార్లకు నా విన్నపం కూడా ఒకటుంది. వానలు వెలిశాక, రాయి కడిగినట్టు ఉన్నప్పుడు, పిల్లల చేతికి ఒక భూతద్దం ఇచ్చి అక్కడికి తీసుకెళ్ళండి.